ఆ ఒక్క పాటా వినేసి ఆల్బమ్ విన్నామనకండి

ఈమధ్య ఆఫీసుల్లో ఎవరు రిజైన్ చేసినా ఒక తంతు జరుగుతోంది. కేకు కోస్తారు. మేనేజరు గారు నాలుగు మంచి ముక్కలు చెప్తారు (ఆ నాలుగూ అప్రైజల్ అప్పుడే చెప్పి ఉంటే మనిషి వెళ్ళేవాడే కాదేమో, అది వేరే సంగతి). తర్వాత టీములో గిటారు పట్టుకోవడం వచ్చిన కుర్రాడొకడు 'విష్ యూ వర్ హియర్' మొదలుపెడతాడు. మిగతావాళ్ళు ఫోన్లలో లైట్లు వేసి అటూ ఇటూ ఊపుతారు. సాయంత్రానికల్లా ఆ వీడియో వాట్సాప్ స్టేటస్‌లో, కింద "మిస్ యూ మావా" అని. ఎమ్మెస్‌కి వెళ్ళేవాడికీ ఇదే పాట, బ్రేకప్ అయినవాడికీ ఇదే పాట, ముప్ఫై శాతం హైకు మీద పక్క టవర్లో ఉన్న కంపెనీకి పోయేవాడికీ ఇదే పాట.

పాట మీద నాకేం కోపం లేదు. పాడేవాళ్ళ మీదా లేదు, జి కార్డు సరిగ్గా పట్టుకుంటే చాలు. నా గొడవంతా ఆ తర్వాత వచ్చే మాటతో. "నేను పింక్ ఫ్లాయిడ్ ఫ్యాన్‌ని బాసూ, ఆ ఆల్బమ్ అంటే ప్రాణం" అంటారు. అందులో ఇంకేం పాటలున్నాయి అని అడిగితే, "ఏదో పెద్ద పాట ఒకటుంటుంది, మొదట్లో చాలాసేపు ఏమీ రాదు" అంటారు.

ఏమీ రాదట!

నేననేది ఏంటంటే, ఆ ఆల్బమ్‌లోంచి ఆ పాటని పీకి విడిగా వింటే మీరు విన్నది ఆ పాట కాదు. అవే మాటలు, అదే రాగం, కానీ దాదాపు వ్యతిరేకార్థం వచ్చే వేరే పాట. కొంచెం అతిగా చెప్తున్నానని మీకనిపించొచ్చు. ఎందుకంటున్నానో చెప్తా, తర్వాత తిట్టండి.

ముందు లెక్కలు. 1975 సెప్టెంబరులో వచ్చిన ఈ రికార్డులో ఉన్నవి ఐదే ట్రాకులు, మొత్తం 44 నిమిషాలు. మొదటిదీ చివరిదీ ఒకే పాట, 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్'. తొమ్మిది భాగాల పాట అది, ఐదు భాగాలు ముందు, నాలుగు చివర. మధ్యలో 'వెల్‌కమ్ టు ది మెషీన్', 'హ్యావ్ ఎ సిగార్', ఆ తర్వాత మన ఫేర్‌వెల్ పాట.

'హ్యావ్ ఎ సిగార్' చివర్లో ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? డేవిడ్ గిల్మర్ గిటారు సోలో నిండుగా మోగుతూ ఉంటుంది. ఉన్నట్టుండి జుయ్యిమని ఒక శబ్దం, బ్యాండు మొత్తం ఒక చిన్న రేడియో డబ్బాలోకి కుదించుకుపోతుంది. అదే సంగీతం, కానీ బేస్ లేదు, వెడల్పు లేదు. తర్వాత ఎవరో ఆ రేడియో మర తిప్పుతారు. స్టేషన్లు మారతాయి, ఎవరివో మాటలు, ఒక క్షణం చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ. (గిల్మర్ కారు రేడియోలోంచి రికార్డు చేసిన ముక్కలివి.) అలా తిప్పుతూ తిప్పుతూ ఒక స్టేషన్లో పన్నెండు తీగల గిటారు దొరుకుతుంది, సన్నగా, ఎక్కడో దూరంగా. అక్కడ ఆగుతారు. కాసేపటికి ఆ రేడియో వింటున్న మనిషి మన చెవి పక్కనే కూర్చున్నట్టుగా తన గిటారు తీసి దానితో కలిపి వాయించడం మొదలుపెడతాడు. ఈ రెండో గిటారు గదిలో ఉన్నంత స్పష్టంగా ఉంటుంది. అతను దగ్గడం, ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతుంది.

అంటే ఒకడు గదిలో ఒంటరిగా కూర్చుని, అక్కడ లేని ఇంకొకడితో కలిసి వాయిస్తున్నాడు. రేడియోలో ఉన్నవాడికి వీడున్నట్టే తెలీదు. పాటలో ఒక్క మాటా మొదలవకముందే చెప్పాల్సిన విషయం సగం చెప్పేశారు. పైగా అది ఏ రేడియో? ముందు పాటలో రికార్డు కంపెనీవాడు బ్యాండుని ఆకాశానికెత్తేస్తాడు, మీవల్ల మనమంతా ఎంత సంపాదించుకోవచ్చో ఊరిస్తాడు. మరుక్షణం ఆ బ్యాండు రేడియోలో ఒక స్టేషన్. వినేవాడికి నచ్చకపోతే మర తిప్పేస్తాడు, తిప్పేశాడు కూడా.

పాటని విడిగా వినేవాడికి ఇదంతా ఏమిటి? మొదట్లో కాస్త గరగర. రీల్స్ చేసేవాడు ఆ ముక్క కోసి పారేసి సరిగ్గా 'పాట' దగ్గర మొదలుపెడతాడు. అటు చివర కూడా ఇంతే. పాట ముగుస్తుంటే గాలి హోరు మొదలవుతుంది. అది ఊరికే అందానికి పెట్టింది కాదు, ఆ గాలిలోంచే 'షైన్ ఆన్' ఆరో భాగం బేస్ గిటారు లేస్తుంది. ముందూ వెనకా రెండు తలుపులూ తెరిచే ఉంచి కట్టిన గది ఇది. మన భాషలో చెప్పాలంటే ఇవి డిపెండెన్సీలు. మధ్యలోంచి ఒక ఫంక్షన్ కాపీ చేసుకుని వేరేచోట పేస్ట్ చేసుకున్నారు. కంపైల్ అయింది, రన్ అవుతోంది, అవుట్‌పుట్ మాత్రం వేరేది వస్తోంది. అది కూడా అవుట్‌పుటే కదా అంటే నేనేం చెప్పను.

ఈ వరస యాదృచ్ఛికం కూడా కాదు, కొట్లాడి తెచ్చుకున్నది. 1973 మార్చిలో 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' వచ్చింది. 1988 దాకా అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో మొత్తం 741 వారాలు కూర్చున్న రికార్డు అది. దాని తర్వాత ఏం చెయ్యాలో వీళ్ళకి తోచలేదు. ఇంట్లో దొరికే సామాన్లతో, రబ్బరు బ్యాండ్లతో, వైన్ గ్లాసులతో ఒక ఆల్బమ్ చేద్దామని మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. (ఆ గ్లాసుల శబ్దం వృథా కాలేదు, 'షైన్ ఆన్' మొట్టమొదట్లో వినపడేవాటిలో అదీ ఉంది.) 1974లో మూడు పొడుగాటి కొత్త పాటలు తయారుచేసి కచేరీల్లో వాయించారు. తేలికైన దారి ఏంటి? ఒక వైపు 'షైన్ ఆన్' మొత్తం, రెండో వైపు మిగతా రెండూ వేసేస్తే ఆల్బమ్ అయిపోతుంది. గిల్మర్ అదే అన్నాడు. రోజర్ వాటర్స్ ఒప్పుకోలేదు. ఆ రెండు పాటలూ ఈ విషయానికి చెందవు, 'షైన్ ఆన్'ని రెండుగా చీల్చి మధ్యలో దీనికి సంబంధించినవి కొత్తగా రాద్దాం అన్నాడు. వాటర్స్ మాటే నెగ్గింది. పక్కన పెట్టిన ఆ రెండూ 1977లో 'యానిమల్స్'లో 'డాగ్స్', 'షీప్' అన్న పేర్లతో వచ్చాయి.

ఇది చిన్న విషయం అనుకోకండి. చేతిలో రెడీగా ఉన్న, జనం ముందు వాయించి చూసుకున్న రెండు పాటల్ని తీసి పక్కన పెట్టారు. టెస్టింగ్ కూడా అయిపోయిన ఫీచర్‌ని రిలీజులోంచి తీసెయ్యమంటే ఎంత రభస జరుగుతుందో మనకి తెలీదా? ప్రోగ్ రాక్ అంటే వేళ్ళు ఎంత వేగంగా కదుల్తాయో చూపించుకునే సర్కస్ అని ఒక అభిప్రాయం ఉంది, కొన్ని బ్యాండుల విషయంలో అది నిజం కూడా. ఇక్కడ ఉన్న నేర్పంతా ఏది తీసెయ్యాలి, ఏది దేని పక్కన పెట్టాలి అన్నదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇక్కడ లేనిది ఎవరు?

సిడ్ బారెట్ అని అందరూ టక్కున చెప్తారు. కరెక్టే. బ్యాండుకి మొదట్లో ప్రాణం అతనే. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు బ్లూస్ గాయకుల పేర్లు కలిపి ఆ పేరు పెట్టిందీ అతనే. మందులూ, చెదిరిన మనసూ కలిసి 1968కల్లా బ్యాండులోంచి బయటపడ్డాడు. 1975 జూన్‌లో ఆబీ రోడ్ స్టూడియోలో 'షైన్ ఆన్' మిక్సింగ్ జరుగుతుంటే లావుగా, గుండు చేయించుకుని, కనుబొమ్మలు కూడా గీయించుకున్న మనిషొకడు వచ్చి కూర్చున్నాడు. ఎవరో ఏమిటో కాసేపటిదాకా ఎవరికీ తెలీలేదు. అతనే సిడ్. ఇది కట్టుకథ కాదు, ఆ రోజు ఫొటోలు కూడా ఉన్నాయి. ఈ కథ ఇప్పుడు వెనకాల వయొలిన్ వేసి రీళ్ళ మీద రీళ్ళుగా తిరుగుతోంది. చూస్తారు, "పాపం సిడ్" అంటారు, కిందికి తోస్తారు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. "పాపం సిడ్" అనేస్తే మన పని అయిపోతుంది. ఎవరో ఒక పిచ్చివాడి గురించి ఆల్బమ్, మనకి సంబంధం లేదు. కానీ వాటర్స్ స్వయంగా ఎన్నోసార్లు చెప్పాడు, అక్కడ సిడ్ ఒక గుర్తు మాత్రమే అని, మనుషులు ఎంత దూరం మాయమైపోగలరో చూపించే చివరి గీత అని. మిగతా ఆల్బమ్ ఆ గీతకి ఇవతల ఉన్నవాళ్ళది. అంటే ఆ నలుగురిదే. 1975 జనవరిలో ఆ సెషన్లు ఎంత నీరసంగా మొదలయ్యాయో డ్రమ్మర్ నిక్ మేసన్ తన పుస్తకంలో రాసుకున్నాడు. కుర్రతనంలో కోరుకున్నవన్నీ వచ్చేశాయి. డబ్బు వచ్చింది, పేరు వచ్చింది, ఇళ్ళు కొన్నారు. రోజూ స్టూడియోకి వస్తున్నారు, కూర్చుంటున్నారు, ఎవరూ అక్కడ లేరు.

ఈ మనిషిని మీరు చూశారు. మీటింగులో కెమెరా ఆఫ్, మైకు మ్యూట్, పేరు పక్కన ఆకుపచ్చ చుక్క మాత్రం వెలుగుతూ ఉంటుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే "సారీ, ఒక్కసారి రిపీట్ చేస్తారా" అంటాడు. జీతం బాగానే వస్తుంది, ఈఎంఐ బాగానే పోతుంది. చెడ్డవాడేం కాదు. ఇంటికెళ్ళాక పిల్లాడు ఏదో చెప్తుంటే "ఊఁ, ఊఁ" అనేదీ ఇతనే.

కాబట్టి కేకు ముందు ఈ పాట పాడేటప్పుడు కొంచెం చూసుకోండి. వెళ్ళేవాడు సుఖంగా వెళ్తున్నాడు, అతనితో ఈ పాటకి పనిలేదు. ఇది అక్కడే నిలబడి ఫోన్లు ఊపుతున్నవాళ్ళ గురించి. 'విష్ యూ వర్ హియర్' అన్న మాటలో 'యూ' ఎవరో ఆ ముందున్న మూడు ట్రాకులూ విన్నవాడికే తెలుస్తుంది.

'వెల్‌కమ్ టు ది మెషీన్' సంగతికొస్తే, మనవాళ్ళకి ఇది వినగానే మేనేజరు గుర్తొస్తాడు. తేలికైన కోపం. ఆ పాటలో సింథసైజర్ గుండెలా కాదు, పంపుసెట్టులా కొట్టుకుంటుంది, దాని మీద ఒంటరిగా ఒక అకూస్టిక్ గిటారు. గిల్మర్‌కి అందులో ఒకచోట స్వరం అందకపోతే టేపుని అర సెమీటోన్ తగ్గించి నడిపి పాడించారు. మెషీన్ గురించిన పాటని పాడటానికి మనిషి మెషీన్ సాయం తీసుకున్నాడు :) చివర్లో లిఫ్టు లాంటిదేదో కదుల్తుంది. పైకి పోతుంది, కిందికి కాదు. తలుపు తెరుచుకుంటే పార్టీ జరుగుతోంది, నవ్వులు, మాటలు. మెషీన్ మిమ్మల్ని నలిపేస్తే అందరికీ అర్థమవుతుంది. ఇది ప్రమోషన్ ఇచ్చి పార్టీకి పిలిచే మెషీన్. తిట్టుకోవడానికి మేనేజరు దొరకడు.

'హ్యావ్ ఎ సిగార్' పాడింది పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు కాదని చాలామందికి తెలీదు. వాటర్స్ గొంతు సహకరించలేదు, గిల్మర్ పాడనన్నాడు, అదే బిల్డింగులో తన రికార్డు చేసుకుంటున్న రాయ్ హార్పర్ వచ్చి పాడాడు. లేకపోవడం గురించిన ఆల్బమ్‌లో ఒక పాటకి బ్యాండులో గొంతే లేదు! అట్ట మీది బొమ్మ కూడా అంతే. ఇద్దరు సూటువాలాలు చేతులు కలుపుతుంటారు, ఒకడు కాలిపోతుంటాడు. ట్రిక్ ఫొటో కాదు, కాలిఫోర్నియాలో బర్బాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ ఆవరణలో రానీ రాండెల్ అనే స్టంట్‌మన్ నిజంగానే నిప్పంటించుకుని నిలబడ్డాడు, గాలి తిరిగితే మీసం కూడా కాలింది. ఆ కాలుతున్నవాడు చెయ్యి వెనక్కి తీసుకోవట్లేదు చూడండి. ఇంత కష్టపడి తీసిన బొమ్మని నల్ల ప్లాస్టిక్ కవర్లో చుట్టి అమ్మారు, కొనేవాడికి కనపడకుండా.

"ఇన్ని కబుర్లు చెప్పి వాళ్ళు మాత్రం కోట్లు సంపాదించుకోలేదా?" అంటారు. సంపాదించుకున్నారు. అమెరికాలో కొలంబియా రికార్డ్స్‌కి మారాక వాళ్ళ మొదటి ఆల్బమే ఇది, అంటే కంపెనీవాణ్ణి వెక్కిరించిన పాటని ముందుగా చేతికిచ్చింది కొత్త కంపెనీవాడికే. 2024లో మొత్తం రికార్డింగుల హక్కుల్ని సోనీకి అమ్మేశారు, దాదాపు 40 కోట్ల డాలర్లకని వార్తలొచ్చాయి. అయితే ఏంటి? వాళ్ళు మేం సన్యాసులం అనలేదు. చెయ్యి కలిపి కాలిపోతున్నది మేమే అని అట్ట మీదే వేసుకున్నారు.

ఇక మామూలు అభ్యంతరాలు. "44 నిమిషాలు ఎక్కడివి గురూ?" పదిహేను నిమిషాల స్టాండప్ నలభై నిమిషాలు సాగినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగేలోపు ఆల్బమ్ మొత్తం అయిపోయి ఇంకా నాలుగైదు స్టేషన్లు మిగుల్తాయి.

"మొదట్లో ఏమీ రాదు." మొదట్లో రిక్ రైట్ కీబోర్డులు జి మైనర్‌లో పొగమంచులా పరుచుకుని ఉంటాయి. దానిమీద గిల్మర్ గిటారు ఆగి ఆగి మాట్లాడుతుంది. దాదాపు నాలుగో నిమిషం దగ్గర అంతా ఆగిపోయి నాలుగే స్వరాలు మోగుతాయి: బి ఫ్లాట్, ఎఫ్, జి, ఇ. ఆ చివరి 'ఇ' ఉందే, మామూలు జి మైనర్‌లో ఉండాల్సింది ఇ ఫ్లాట్. అర మెట్టు పైకి పెట్టాడు, దాంతో ఆ వాక్యం పూర్తవదు, ప్రశ్నలా గాల్లో వేలాడుతుంది. ఆ నాలుగు స్వరాలు విన్నాకే వాటర్స్‌కి ఈ పాట పుట్టిందంటారు. మనిషి గొంతు వచ్చేసరికి ఎనిమిదిన్నర నిమిషాలు దాటుతుంది. రావాల్సిన మనిషి రాలేదు, మీరు ఎదురుచూస్తున్నారు. అదే అక్కడ వస్తున్నది.

దీన్ని సమర్థించడానికి ఇంకో బ్యాచ్ బయల్దేరుతుంది, "మన ఆలాపన లాంటిదేనండీ" అంటూ. దయచేసి వద్దు. ఆలాపన చేసేవాడు రాగాన్ని విప్పి చూపిస్తాడు, వీళ్ళు విప్పట్లేదు, దాస్తున్నారు. రెండూ గొప్పవే. ప్రతిదానికీ మన సర్టిఫికెట్ ఇస్తే తప్ప వినలేమా?

కాస్త బలమున్న వాదన ఒకటుంది. వాళ్ళే విడిగా అమ్మారు కదా అని. నిజమే, అమెరికాలో 1975లోనే 'హ్యావ్ ఎ సిగార్' సింగిల్‌గా వచ్చింది. 2005 జులైలో లైవ్ 8 కచేరీలో నలుగురూ మళ్ళీ కలిసి నిలబడినప్పుడు ఈ పాటని విడిగానే పాడారు. కచేరీ వేరు. అక్కడ వాటర్స్, గిల్మర్ ఇన్నేళ్ళ గొడవల తర్వాత పక్కపక్కన నిలబడి పాడుతుంటే ఆ దృశ్యమే మిగతా ఆల్బమ్ పని చేసింది. ఆఫీసు క్యాంటీన్లో ఆ సౌకర్యం లేదు. సిడ్ అప్పటికి కేంబ్రిడ్జిలో బతికే ఉన్నాడు, సరిగ్గా ఏడాదికి, 2006 జులైలో పోయాడు. 2008లో రైట్ కూడా పోయాడు.

అసలు కోపం రావాల్సింది ఇంకోటుంది. 2001లో 'ఎకోస్' అని ఒక సంకలనం తెస్తూ 'షైన్ ఆన్'ని కత్తిరించి పదిహేడు నిమిషాల ముక్కగా అతికారు. 2025 డిసెంబరులో యాభై ఏళ్ళ ప్రత్యేక ఎడిషన్ వచ్చింది, అందులో తొమ్మిది భాగాల్నీ ఒక్క ట్రాకుగా కలిపి కొత్త మిక్స్ ఇచ్చారు. శబ్దం బ్రహ్మాండంగా ఉంది, కాదనను. కానీ రెండు ముక్కలూ కలిపాక మధ్యలో ఉండాల్సినవాళ్ళు ఏమయ్యారు? మెషీన్, సిగారు, రేడియో, ఆ గదిలో దగ్గుతున్న మనిషి, అందరూ బయట నిలబడ్డారు. 1975లో గిల్మర్ ఓడిపోయిన వాదన యాభై ఏళ్ళ తర్వాత రీకౌంటింగులో గెలిచినట్టుంది. బోనస్‌గా ఒకసారి వినండి, తప్పులేదు. దాన్నే మొదటిసారి వినేవాళ్ళ మీద నాకు జాలి.

వరసలో విన్నవాళ్ళకి చివర్లో ఒకటి దొరుకుతుంది. తొమ్మిదో భాగం రిక్ రైట్ ఒక్కడే కట్టింది. మాటల్లేవు, మెల్లగా శవయాత్ర వెనక నడుస్తున్నట్టు ఉంటుంది. ఇంకాసేపట్లో ఆగిపోతుందనగా సింథసైజర్ మీద 'సీ ఎమిలీ ప్లే' బాణీ ఒక చిన్న ముక్క వాయిస్తాడు. 1967లో సిడ్ రాసిన పాట అది. ఎవరూ ఏమీ చెప్పరు, అట్ట మీద కూడా రాయలేదు. ఆ వెంటనే ఇంతసేపూ మైనర్‌లో ఉన్నది మేజర్ కార్డ్ మీదకి తేలి, వినపడకుండా పోతుంది.

వినేముందు మీ యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి క్రాస్‌ఫేడ్ ఆఫ్ చేసుకోండి, గ్యాప్‌లెస్ ఆన్‌లో పెట్టండి. షఫుల్ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటా.